గోదావరి దాటేలోపు

సెప్టెంబర్ 14, ఆదివారం

దస్తీ వేశాను. పక్క సీటు మీద, కిటికీ వైపు. బండి బెల్లంపల్లి దాటాక గుర్తొచ్చింది, మంచిర్యాలలో ఎక్కే మనిషి ఇప్పుడు మంచిర్యాలలో లేదని. అయినా తీయలేదు.

ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "అవ్వా, గీడ ఎవలన్న ఉన్నరా?"

"వస్తరు."

"ఏడ ఎక్కుతరు?"

"మంచిర్యాల."

మంచిర్యాల వచ్చింది. పోయింది. ఆయన నన్ను చూశాడు, దస్తీని చూశాడు, మర్యాదగా గోదావరి దాకా ఆగి, ఆ తర్వాత కూర్చున్నాడు. దస్తీ మీదనే. ఇప్పుడది గుట్కా వాసన. వేడినీళ్లలో వేయాలి.

కరీంనగర్‌లో దిగి వెళ్లేసరికి రాజమణి ఆడిటోరియం గేటు దగ్గర ఉంది, ఇస్త్రీ చీరలో. నాతో బండిలో వచ్చిన రోజుల్లో ఎప్పుడూ నలిగిన చీరే. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో ఉంటోంది, రెండు గల్లీల అవతల. నలగడానికి దారి ఏదీ.

గాత్ర కచేరి. పాడే ఆయనకు గొంతు బాగుంది, దగ్గు ఇంకా బాగుంది. బండి వేళకు లేచాను. రాజమణి కూడా సంచి సర్దుకుని సగం లేచి, మళ్లీ కూర్చుంది. "ఓ... నేను ఉంటగదా" అంది.

ఉంటావులే.

సెప్టెంబర్ 15

పొద్దున్నే రాజమణి ఫోన్. "సరళా, మంగళం మస్తు పాడిండే. జనం లేసి నిలవడ్డరు."

"నాకు చెప్పకు."

"ఎందుకే?"

"చెప్పకన్న గదా."

"మరి మనుషులు ఫోన్లు దేనికి జేసుకుంటరే?"

జవాబు వెతుకుతానని పెట్టేశాను. ఇంకా వెతుకుతున్నాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. వాకిట్లో ఆడపిల్లలు ఒక చేత్తో చప్పట్లు కొడుతూ రెండో చేత్తో వీడియో తీస్తున్నారు. ఒక చేత్తో చప్పట్లు ఎలా కొడతారో వాళ్లకే తెలియాలి.

హన్మకొండ నుంచి మనవరాలు అఖిల ఫోన్. "అమ్మమ్మా, గంత దూరం రైల్ల పొయ్యి సగం జూసి వస్తవా? నవ్వుతరు ఎవరన్న."

చెప్పాను దానికి. కరీంనగర్‌లో కార్యక్రమం ఏదైనా సాయంత్రం మొదలవుతుంది. మా వైపు చివరి బండి అది ముగియకముందే కదులుతుంది. కచేరి గానీ, కబడ్డీ గానీ, నాటకం గానీ, నేనూ రాజమణీ ఇన్నేళ్లలో ఒక్కదాని ముగింపు చూడలేదు. అందుకని తిరుగు బండిలో మేమే తయారు చేసుకునేవాళ్లం. ఎవరు గెలిచారు, ఎవరు ఎవరిని క్షమించారు, ఏ పాటతో లేచారు. దానికొక నియమం. రామగుండం దాటాక గోదావరి వంతెన వస్తుంది, దాని తర్వాత మంచిర్యాల, అక్కడ రాజమణి దిగిపోతుంది. కాబట్టి గోదావరి దాటేలోపు ముగింపు తేలాలి. తేలాక కిటికీలోంచి రూపాయి బిళ్ల నీళ్లలో. అదే మాకు తెర.

"మరి తేలకపోతే?"

తేలకుండా ఎప్పుడూ పోలేదు. రాజమణి ముగింపుల్లో ఎవరూ చావరు, చివర అందరూ భోంచేస్తారు. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని, నా ముగింపుల్లో వంశాలే అంతరిస్తాయి. మధ్యలో ఎక్కడో కుదిరేది.

"యూట్యూబ్ల మొత్తం ఉంటది అమ్మమ్మా, పంపియ్యాల్నా?"

పిల్ల మంచిది. చెప్పినా అర్థం కాదు.

అక్టోబర్ 12, ఆదివారం

ఎక్కడికీ వెళ్లలేదు. ఏమీ లేదు ఈ వారం. దస్తీ తెల్లగా వచ్చింది.

అక్టోబర్ 19

రాజమణి మంచిర్యాల ఇంటి గురించి రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

కిరాయి ఇల్లు. పోస్టాఫీసు నౌకరీలో చేరినప్పటి నుంచి అందులోనే. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు మారలేదు. రెంటికీ ఒకటే కారణం చెప్పేది, "సామాను సర్దుడు నాతోటి కాదు" అని. వానకాలం మొదట్లో బాత్‌రూంలో జారింది. ఏమీ విరగలేదు. కానీ తమ్ముడు మల్లేశం కారు వేసుకుని వచ్చి, "అక్కా, ఇగ చాలు, నడు" అన్నాడు. సామాను వాళ్లే సర్దారు. అలా ఆ కారణం కూడా పోయింది.

మల్లేశం మంచివాడు. మరదలు స్వరూప మంచిది. వేళకు అన్నం, ఫ్యాను, టీవీ, గదికి కర్టెన్లు. ఒక్కటన్నా లోపం ఉంటే రాజమణికి ఫిర్యాదు చేసుకునే వీలుండేది, పాపం.

నవంబర్ 9, ఆదివారం

నిన్న స్టేడియంలో ఆడపిల్లల కబడ్డీ. రాజమణి పక్కన కూర్చుంటే ఆటకంటే ఆమెను చూడాలి. సంచి గుండెకు హత్తుకుని అరుస్తుంది. "పట్టు! కాలు పట్టు! అయ్యో నీ మొకమ్మన్ను, కాలే!" ముందు వరుసలో ఎవరో ఆటగత్తె తల్లి అనుకుని నీళ్ల సీసా ఇచ్చారు. తాగింది. మళ్లీ అరిచింది.

రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు నా బండి వేళైంది. ఎప్పుడూ అంతే. రాజమణి చేయి ఊపింది, కళ్లు మాత్రం కోర్టు మీదే. ఊపకపోయినా ఏమీ అనుకోకపోదును.

బండిలో ఎదురు సీటులో ఒకడు. "కబడ్డీకి పొయ్యొస్తున్నవా అవ్వా? ఎవలు గెలిచిండ్రు?"

"ఇంకా తేలలె."

"తేలకేంది, అయిపోయింది గదా. గిదో, గ్రూపుల పెట్టిండ్రు—"

ఫోను నా ముఖం మీదికి తెచ్చాడు. కళ్లు మూసుకున్నాను. అతను భయపడి "అవ్వా, పానం మంచిగ లేదా?" అని నీళ్లు ఇవ్వబోయాడు. ఈ దేశంలో ముసలివాళ్లు కళ్లు మూసుకుంటే నీళ్లు, అరిస్తే నీళ్లు.

వంతెన వచ్చింది. నేనింకా ఏ జట్టూ అనుకోలేదు. రూపాయి పర్సులోనే ఉంది.

నవంబర్ 10

ఫోన్ చేసింది. ముగింపు చెప్పలేదు, నేర్చుకుంది. "అన్నం తిన్నవా" అంది. తిన్నానన్నాను. నువ్వు? తిన్నదట. ఇంకేమిటి? ఏం లేదట.

బండిలో ఒక్క నిమిషం నోరు మూసేది కాదు ఈ మనిషి.

నవంబర్ 23

అంటే మా స్నేహం ఆ నాటకాలదీ కచేరీలదీ కాదన్నమాట. దారిదేనేమో. ఒకామె దారి మానేసింది.

ఇది బాగా రాశానా, లేక ఏడుపు రాశానా. రేపు చదివి చూడాలి.

నవంబర్ 24

చదివాను. ఏడుపే.

డిసెంబర్ 7, ఆదివారం, పొద్దున

రాజమణి లోపల పడుకుని ఉంది. మా ఇంట్లో. బెల్లంపల్లిలో. లేచేలోపు రాసుకోవాలి.

నిన్న నాటకం. దుబాయి పోయిన మొగుడు డబ్బూ పంపక, ఫోనూ చేయక, ఏళ్లకేళ్లు మాయమవుతాడు. పెళ్లాం కుట్టుమిషను తొక్కి ఇల్లు నిలబెట్టుకుంటుంది. ఒక సాయంత్రం వాడు సూట్‌కేసుతో వచ్చి తలుపు కొడతాడు. ఆమె మిషను ఆపుతుంది. గడియ వైపు చూస్తుంది. తెర. విరామం. సరిగ్గా మా బండి వేళ.

లేచాను. రాజమణి కూడా లేచింది. ఇద్దరం ఎప్పటిలా మెట్లు దిగాం, ఆటో ఎక్కాం. "తీస్తదా అంటవా?" అని ఆటోలోనే మొదలుపెట్టింది. "తియ్యది" అన్నాను. స్టేషన్. బండి ఎక్కాం. కిటికీ దగ్గర కూర్చుంది. నా పక్కన. చీర అప్పుడే నలగడం మొదలైంది.

పెద్దపల్లిలో బండి ఆగాక, చాయ్ అమ్మే అతను వచ్చి పోయాక, అప్పుడు తట్టింది నాకు.

"ఏయ్ రాజమణీ. నువ్వెటు?"

నా ముఖం చూసింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో! యాది మర్శిన గదనే! కరీంనగర్ల ఉంటున్న గదా నేను!"

ఇల్లు మరిచిపోయింది. ఇలాగే మొదలవుతుంది అందరికీ, నాకు తెలుసు. మొదట ఇల్లు, తర్వాత మనుషులు. బండి కదిలింది. తిరిగి కరీంనగర్ పోయే బండి ఇక లేదు. నా ఫోన్ మోగింది, స్వరూప. "మేడం, వదినె ఇంక రాలే, మీరు జూసిండ్రా? ఫోన్ జేస్తే ఎత్తుతలేదు." ఫోను రాజమణికి ఇచ్చాను. "యాది మర్శి బండెక్కిన స్వరూపా, నవ్వకు, రేపొస్త" అంది. అటునుంచి మల్లేశం గొంతు. ముందు కంగారు, తర్వాత నవ్వు. "అక్కా, మంచిగున్నది నీ సంగతి!"

ఫోను పెట్టేసి, నావైపు తిరిగి, "ఏం జెప్తున్నవ్? తియ్యదా? ఎందుకు తియ్యది?" అంది.

ఆమే మొదలుపెట్టింది. "తీస్తది. అన్నం వెడ్తది. తినంగనే తిడ్తది. తినేటప్పుడు తిట్టొద్దు, పాపం."

"పాపమా! ఇన్నేండ్లు యాడికి పోయిండట?"

"అది తిన్నంక అడుగుతది."

"తీస్తే మళ్ల ఆయనదే రాజ్యం. తలుపు దియ్యకుండ్నే మాట్లాడాలె. లోపట్కెల్లి."

రామగుండం దాటింది. దూరంగా వంతెన మోత వినిపించే వేళకు కుదిరింది. తలుపు తియ్యదు, కిటికీలోంచి అన్నం గిన్నె అందిస్తుంది. గిన్నె కడిగి తిరిగి ఇస్తే రేపు ఆలోచిస్తుంది. రాజమణి "కడుగుతడు, కడుగుతడు" అంది. రూపాయి వేసింది. నేనూ వేశాను. కిటికీ చువ్వకు తగిలి ఒకటి లోపలే పడింది. వెతికి మళ్లీ వేసింది.

మంచిర్యాలలో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం వైపు చూడలేదు. నా మోచేయి పట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చాక పడుకునే ముందు సంచి విప్పింది. నేను చూస్తూనే ఉన్నాను. నైటీ. బీపీ గోలీలు, రాత్రివీ పొద్దుటివీ. పళ్ల బ్రష్షు, డబ్బాలో. చిన్న తువ్వాలు. మడత పెట్టిన రెండో చీర, దానికి జాకెట్టు.

యాది మర్శిందట.

"ఆ దుప్పటి ఇటియ్యి" అంది. పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని నవ్వాను. చాలా రోజుల తర్వాత. నవ్వు చివర ఏదో తేడాగా ఉంటే ముఖం కడుక్కున్నాను.

లేచినట్టుంది.

అదే రోజు, మధ్యాహ్నం

మల్లేశం కారులో వచ్చాడు. ఉప్మా తిన్నాడు. అక్క భుజం మీద చేయి వేసి తీసుకెళ్లాడు, పడిపోతుందేమో అన్నట్టు. రాజమణి కారు ఎక్కుతూ నావైపు తిరిగి, ముఖంలో ఏ భావమూ లేకుండా, "గిన్నె కడిగిండా?" అంది.

"ఎవలక్కా?" అన్నాడు మల్లేశం భయంగా.

డిసెంబర్ 16

స్వరూప ఫోన్. వదినెను మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకుపోయారట. గడియారం బొమ్మ వేయమన్నారట, వేసిందట. ఇవాళ ఏ వారం అంటే చెప్పిందట. డాక్టరు "వయసు కదా, చూస్తుండండి" అన్నాడట. చూస్తున్నారు ఇప్పుడు. అందరూ వంతులవారీగా.

"ఒక్కదాన్ని బయటికి పంపుతలేం మేడం. మాకు ఫికర్ అయితది."

తప్పు ఎవరిది? మల్లేశానిది కాదు. స్వరూపది కాదు. ఇల్లు నచ్చక పారిపోతే వెంటపడేవాళ్లు కారు, మంచివాళ్లు. మరిచిపోయిందంటే మాత్రం విడిచిపెట్టరు, ఇంకా మంచివాళ్లు.

డిసెంబర్ 21

కరీంనగర్‌లో కూచిపూడి ఉంది. వెళ్లలేదు.

డిసెంబర్ 28

ఏమీ లేదు.

జనవరి 10, శనివారం

వెళ్లాను. కార్యక్రమానికి కాదు, వాళ్లింటికి. పగటి బండికి.

దస్తీ వేయలేదు. వేయకపోయినా ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు. జనం లేరు. అప్పుడు వేయాల్సింది అనిపించింది.

స్వరూప చాయ్ ఇచ్చింది, సర్వపిండి పెట్టింది. సర్వపిండి అద్భుతం, తిట్టడానికి ఏమీ లేదు. రాజమణి సోఫాలో, కాళ్ల కింద పీట, ఒళ్లో సంచి. సంచికి పిన్నీసుతో ఒక చీటీ, పైకి కనబడేలా. పేరు, ఇంటి నంబరు, గల్లీ, మల్లేశం ఫోను.

బతుకంతా పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన మనిషి. చివరికి ఆమెకే చిరునామా రాశారు.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు పాఠం వస్తుంది. స్వరూప వినేలా, గట్టిగా, "రాజమణీ, ఆ రోజు నాటకంల తలుపు ఎవలు కొట్టిండ్రు?" అన్నాను. చెబుతుంది, అంతా చెబుతుంది, సూట్‌కేసు రంగుతో సహా. స్వరూప వింటుంది. అయిపోతుంది ఈ గొడవ అనుకున్నాను.

రాజమణి నన్ను తిన్నగా చూసింది. "ఏం నాటకమే? యాదికి లేదు" అంది.

స్వరూప నావైపు జాలిగా చూసి తల ఊపింది. చూసిండ్రా మేడం, అన్నట్టు.

సాగనంపడానికి రాజమణి గేటు దాకా వచ్చింది. స్వరూప వెనక వాకిట్లో నిలబడి చూస్తోంది. గొంతు తగ్గించి అడిగాను, "ఏందే నువ్వు చేస్తున్నది?"

"మెల్లగ."

"కావాల్నే వచ్చిన్నని ఒక్క మాట చెప్పు. అయిపాయె."

"చెప్తే తమ్ముడు ఏడుస్తడే. అక్కకు నా ఇల్లు నచ్చలేదని ఏడుస్తడు. యాది మర్శిన్నంటే నవ్విండు. ఇన్నవు గదా ఫోన్ల."

"ఆయన నవ్విండు, నీకు పిచ్చిదాని పేరొచ్చె."

"పేరుదేముంది."

"మరి ఎందుకెక్కినవ్ బండి?"

గేటు గొళ్లెం అటూ ఇటూ కదిపింది కాసేపు. "గోదారి జూడక మస్తు దినాలైంది" అంది.

గోదారట.

"వదినే, ఎండకు నిలవడకు" అని పిలుపు వచ్చింది. ఎండ లేదు. అయినా లోపలికి పోయింది.

జనవరి 11

నేను చెప్పేస్తే? మల్లేశానికి ఫోన్ చేసి, మీ అక్కకు మతి లేకపోవడం కాదయ్యా, మతి చాలా ఉంది అని. సంచిలో ఏమున్నాయో చెబితే చాలు. ఆయన ఏడుస్తాడు. తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఏడుపు మానేస్తాడు. మనుషులు మానేస్తారు.

కానీ అది ఆమె మాట. ఆమె దాచుకున్నది. నేను విప్పి పెడితే తమ్ముడి ముందు ఆమె ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది?

చెప్పను. చెప్పనంటే, ఆమె ఆ సోఫా మీదే.

జనవరి 18

అఖిల అడిగింది. "ఏందమ్మమ్మా, ఈ మధ్య ఏ ప్రోగ్రాంకు పోతలేవు?"

"మోకాళ్లు."

మోకాళ్లు బాగానే ఉన్నాయి. అబద్ధం ఇంత సులువని తెలిస్తే రాజమణిని అంత తిట్టకపోదును.

జనవరి 25, ఆదివారం

పేపర్లో చూశాను. అదే నాటకం. అదే ఆడిటోరియంలో మళ్లీ వేస్తున్నారు, ఫిబ్రవరి 7న. జనం అడిగారట.

మధ్యాహ్నం దాకా ఇల్లంతా తిరిగాను. తర్వాత స్వరూపకు ఫోన్ చేశాను. రాజమణిని నాటకానికి నేను తీసుకెళ్తాను, అయిపోయాక నేనే ఇంట్లో దించుతాను, ఆ రోజు మీ ఇంట్లోనే పడుకుంటాను, నాదే పూచీ అన్నాను.

ఫోను పక్కన పెట్టింది. మల్లేశాన్ని అడిగినట్టుంది. తర్వాత, "మీరు ఎంట ఉంటే మాకేం ఫికర్ లేదు మేడం. కానీ చెయ్యి ఇడువకుండ్రి. మళ్ల గట్లయితే, ఇగ ఆయన గేటు గూడ దాటనియ్యడు."

"ఇడువ."

మాట ఇచ్చాను. ఇస్తూ ఉండగానే తెలిసింది ఏమిచ్చానో. నేను పరాయి ఇంట్లో పడుకోను. నా కూతురి ఇంట్లోనే నిద్ర పట్టదు నాకు, వాళ్ల గోడగడియారం ఎక్కువ మాట్లాడుతుంది. అది సరే. కానీ నాటకం అంతా చూడాలి. ఆమె తలుపు తీస్తుందో లేదో, వాడు గిన్నె కడుగుతాడో లేదో ఎవరో చెబుతారు మాకు. తర్వాత ఆటోలో ఇల్లు. వంతెన లేదు.

ఆమె బయటికి రావాలంటే ఇదొక్కటే దారి. దారి అనకూడదేమో దీన్ని.

జనవరి 26

రాజమణి ఫోన్. "స్వరూప జెప్పింది. మా ఇంట్ల పంటవట?"

"ఆ."

"నువ్వా?"

"ఆ."

"మొత్తం జూస్తమా అయితే?"

"చూస్తం."

"సరే తీయ్" అంది. సంతోషమో కాదో ఆ గొంతులో తెలియలేదు. ఇన్నేళ్లకు మొదటిసారి తెలియలేదు.

ఫిబ్రవరి 6

నైటీ, గోలీలు, బ్రష్షు సంచిలో పెట్టుకున్నాను. అచ్చం ఆమె సంచి లాగే ఉంది.

ఫిబ్రవరి 7, శనివారం. బండిలో

అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

కౌంటర్ దగ్గర నోరు తెరిస్తే "కరీంనగర్, రాను పోను" అని వచ్చేసింది. తిరుగు టికెట్టు కూడా చేతిలో పెట్టాడు. వాపసు అడుగుదామనుకున్నాను. వెనక లైను పెద్దదుంది. పర్సులో పెట్టుకున్నాను.

దస్తీ వేశాను ఇవాళ. మంచిర్యాల దాకా ఎవరూ అడగలేదు. అక్కడ ఒక పెద్దామె ఎక్కి, అడక్కుండానే దస్తీ తీసి మడతపెట్టి నా చేతిలో పెట్టి కూర్చుంది. "ఎవలో రాకపోతిరి, గంతే గదా" అంది. తిట్టబోయాను. గొంతు అచ్చం రాజమణి గొంతులా ఉంది. ఊరుకున్నాను.

వంతెన మీద ఉన్నాం. నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. రూపాయి వేయలేదు, ఇంకా తేలింది ఏముంది.

అదే రోజు. ఆడిటోరియంలో

విరామం. దీపాలు వేశారు, అందుకే రాయగలుగుతున్నాను.

స్వరూప గేటు దాకా వచ్చి అప్పగించింది. చేయి పట్టించింది నాకు, స్కూలు పిల్లను అప్పజెప్పినట్టు. "మేడం, ఇడువకుండ్రి" అని మళ్లీ అంది. ఇప్పటిదాకా విడవలేదు. రాయడానికి ఇప్పుడు విడిచాను.

వాడు తలుపు కొట్టాడు. ఆమె మిషను ఆపింది. గడియ వైపు చూసింది. తెర పడింది. ఆ రోజులాగే. అదే సూట్‌కేసు, అదే ఎరుపు రంగు.

బయట సమోసాల వాసన. జనం లేస్తున్నారు, వస్తున్నారు. మేం అలవాటు ప్రకారం చివరి కుర్చీల్లో కూర్చున్నాం, లేచిపోవడానికి వీలుగా ఉండేవి. ఎవరికీ కాళ్లు అడ్డం పెట్టకుండా, ఎవరినీ లేపకుండా.

బండి వేళైంది. ఇప్పుడు లేస్తే దొరుకుతుంది. తర్వాత దొరకదు.

"తీస్తదా అంటవా?" అంది రాజమణి.

"ఉంటే తెలుస్తది."

"ఆ... ఉంటే తెలుస్తది" అంది. ఇష్టం లేని మందు పేరు చదివినట్టు.

సంచి ఒళ్లోకి తీసుకుంది. చీటీకి ఉన్న పిన్నీసు మెల్లగా విప్పి, చీటీ మడిచి లోపల పెట్టింది. సంచి ఉబ్బుగా ఉంది. తన ఇంటికి తాను వెళ్లే మనిషి సంచి అంత ఉబ్బుగా ఎందుకుంటుంది. ఏముందో నాకు తెలుసు. నైటీ. గోలీలు, రాత్రివీ పొద్దుటివీ. బ్రష్షు, డబ్బాలో. తువ్వాలు. రెండో చీర.

మాట ఇచ్చాను స్వరూపకు. ఈసారి యాది మర్శినమంటే ఎవరూ నవ్వరు. ఇద్దరికీ మతిలేదంటారు. ఆమెకు ఆ గేటు ఇక తెరుచుకోదు. ఇవన్నీ నాకు తెలుసు. చరిత్ర చెప్పినదాన్ని, దేని తర్వాత ఏం జరుగుతుందో చెప్పే జీతం తిన్నాను.

పర్సులో తిరుగు టికెట్టు ఉంది. ఒక్కటే. ఇంకోటి స్టేషన్లో కొనచ్చు.

మొదటి గంట కొట్టారు. జనం లోపలికి వస్తున్నారు.

రాజమణి లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది, అంతే కావచ్చు. మెట్ల వైపు చూడటం లేదు. నావైపూ చూడటం లేదు.

"సరళా, దస్తీ తెచ్చినవా?"

తెచ్చాను. తీశాను. చేతిలో పట్టుకున్నాను. ఈ కుర్చీ మీద వేయమంటోందో, బండిలో ఆ కిటికీ సీటు మీద వేయమంటోందో...

రెండో గంట.